టార్క్ ముందు, బూస్ట్ తర్వాత

(విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌లు, ఆటోమొబైల్ డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మాట్లాడే ముందు ఈ రాడ్‌ని ముందు వరుసకి ఇస్తున్నాను. చూసి వెనక్కి పంపండి. చివరి బెంచీ దాకా వెళ్లాలి. ఒక లీటరు, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్‌లోని కనెక్టింగ్ రాడ్ ఇది, పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపేది. మామూలుగా చూస్తే తిన్నగానే కనిపిస్తుంది. వడ్రంగి చెక్క వంపు చూసినట్టు కంటికి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూడండి. నడుము దగ్గర కొంచెం వంగి ఉంటుంది. ఆ కొంచెం వంపు కోసం ఇంజిన్ మొత్తం దించాల్సి వచ్చింది. దాన్ని వంచింది నేను రాసిన మ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని అంకెల పట్టికలు.

ఆ కారు విశాఖపట్నం కుర్రాడిది. కంపెనీ ఇచ్చిన టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 175 న్యూటన్ మీటర్లు. రీమ్యాప్ చేయమని, అంటే ఆ పట్టికలు మార్చి లాగుడు పెంచమని తెచ్చాడు. అప్పట్లో నాకు తెలిసిన పద్ధతి ఒకటే. బూస్ట్, అంటే టర్బో సిలిండర్లలోకి నొక్కే గాలి ఒత్తిడి, పెంచడం, అది కూడా తక్కువ ఆర్‌పీఎంలోనే దట్టించడం. ఎందుకంటే కస్టమర్‌కి గేటు దాటగానే మొదట తెలిసేది కింది లాగుడే. 1800 ఆర్‌పీఎం దగ్గరే 240 న్యూటన్ మీటర్లు పెట్టాను. వీధి చివరి దాకా వెళ్లొచ్చి "అన్నా, పికప్ అదిరిపోయింది" అన్నాడు. ఆ మాటకి పొంగిపోయాను.

మూడు నెలల తర్వాత అతను అమ్మానాన్నల్ని, సామాన్లని వేసుకుని అరకు బయల్దేరాడు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది కదా. ఒక మలుపు తిరిగి బయటికి వచ్చేసరికి బండి నాలుగో గేరులో, 1800 చుట్టూ ఉంది. ఎదురుగా నిలువెక్కుడు. గేరు తగ్గించలేదు, ఎందుకంటే నేనే చెప్పాను, ఇప్పుడు గేరు మార్చే పని ఉండదని. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాడు. లోపల నుంచి ఒకే ఒక్కసారి టంగుమని శబ్దం వచ్చిందట, సుత్తితో కొట్టినట్టు. ఇంజిన్ ఆగలేదు. కానీ వణుకుతోంది, చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. వెనక సీటులో వాళ్లమ్మ. అలాగే మెల్లగా కిందికి దింపుకుని వచ్చాడు. తెల్లారి టోయింగ్ బండి మీద నా దగ్గరికి చేరింది.

కంప్రెషన్ చూస్తే రెండు సిలిండర్లలో సమానంగా ఉంది, మధ్య దాంట్లో తక్కువ. వాల్వులు లీకేమో అనుకుని గాలి పెట్టి చూశాను, లీకు లేదు. అప్పుడు ప్లగ్ రంధ్రంలోంచి డయల్ గేజ్ దించి, ఒక్కో పిస్టన్ పైకి ఎంత దాకా వస్తుందో కొలిచాను. మధ్య పిస్టన్ మిగతా రెంటికంటే 0.9 మిల్లీమీటర్లు కిందే ఆగిపోతోంది. రాడ్ పొట్టిదైంది. వంగితే పొట్టిదవుతుంది. ఈ కొలత గుర్తుపెట్టుకోండి. కంప్రెషన్ తక్కువ, లీకు లేదు అంటే హెడ్ విప్పకముందే పిస్టన్ ఎత్తు కొలవండి.

ఎందుకు వంగిందో పూర్తిగా అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని ఇవాళ ఇక్కడికి వచ్చాను.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌కి ఒక తేలిక లెక్క ఉంది. టార్క్‌ని 12.57తో గుణించండి. వచ్చినదాన్ని ఇంజిన్ ఎన్ని లీటర్లో దాంతో భాగించి, మళ్లీ 100తో భాగించండి. పిస్టన్ మీద పడే సగటు ఒత్తిడి బార్లలో వస్తుంది. టర్బో లేని 1.2 లీటర్ల మారుతి ఇంజిన్ 113 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. లెక్క కడితే దాదాపు 12 బార్. మన కుర్రాడి కారుకి కంపెనీ ఇచ్చిన 175కి 22 బార్. నేను పెట్టిన 240కి 30 బార్. అంటే కంపెనీ వాళ్లే మామూలు ఇంజిన్‌కి దాదాపు రెట్టింపు మోయిస్తున్నారు. దాని మీద నేను ఇంకో 8 బార్ ఎక్కించాను, అదీ 1800 దగ్గర.

ఇది సగటు మాత్రమే. మిశ్రమం అంటుకుని ఒత్తిడి శిఖరానికి చేరే క్షణంలో అది నాలుగు రెట్లయినా ఉండొచ్చు. 100 బార్ అనుకోండి. 74.5 మిల్లీమీటర్ల బోరున్న పిస్టన్ మీద అది 4.4 టన్నుల బరువు. ఆ బరువంతా మీ చేతుల్లో తిరుగుతున్న ఆ సన్నటి నడుము మీదే పడుతుంది.

ఇక్కడ అసలు సంగతి వినండి. అదే 240 న్యూటన్ మీటర్లు 4000 దగ్గర ఇస్తే ఒకటి, 1800 దగ్గర ఇస్తే పూర్తిగా వేరు. 1800 దగ్గర క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి 93 మైక్రోసెకన్లు పడుతుంది. 5500 దగ్గర 30 చాలు. అంటే కింద తిరుగుతున్నప్పుడు, సిలిండర్ మూలల్లో ఇంకా మండని మిశ్రమం వేడికీ ఒత్తిడికీ మగ్గుతూ మూడు రెట్లు ఎక్కువ సేపు ఉంటుంది. దానంతట అది అంటుకోవడానికి బోలెడంత సమయం దొరుకుతుంది. అలా అంటుకోవడాన్నే నాకింగ్ అంటారు. పైగా ఎక్కువ ఆర్‌పీఎంలో పిస్టన్ పైకి దూసుకొచ్చే ఊపు రాడ్‌ని పైకి లాగుతుంటుంది. కిందికి నొక్కే మంట ఒత్తిడిలో కొంత ఆ లాగుడుకే సరిపోతుంది. ఈ ఇంజిన్‌లో 5500 దగ్గర ఆ ఊరట అర టన్నుకి పైగా ఉంటుంది. 1800 దగ్గర చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. రాడ్ ఒంటరిగా మోయాలి.

ఇంకో శత్రువు ఉంది. సిలిండర్‌లోకి నేరుగా పెట్రోల్ కొట్టే చిన్న టర్బో ఇంజిన్లలో, తక్కువ ఆర్‌పీఎంలో లోడు ఎక్కువైనప్పుడు, ప్లగ్ స్పార్క్ ఇవ్వకముందే మిశ్రమం అంటుకుంటుంది. లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్ అంటారు. గోడ మీది ఆయిల్ చుక్కో, ఊడిన మసి ముక్కో నిప్పురవ్వలా పనిచేస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పైనుంచి మంట కొడుతుంది. ఆ టంగుమన్న శబ్దం అదే. నాకింగ్‌ని పట్టే నాక్ సెన్సర్ ఉంది కదా, స్పార్క్ వెనక్కి జరుపుతుంది, అంటే ఆలస్యం చేయిస్తుంది కదా అని ధీమా పడకండి. స్పార్క్ కంటే ముందే అంటుకున్నదాన్ని స్పార్క్ జరిపి ఎలా ఆపుతారు? దీనికి మందు రెండు చోట్ల ఉంది. ఒకటి ఆయిల్. ఆయిల్‌లో కాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే ఈ జబ్బు పెరుగుతుంది. అందుకే 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడులో దీనికి ప్రత్యేకంగా పరీక్ష పెట్టారు. టర్బో పెట్రోల్ కారులో ఆ గ్రేడు లేదా అంతకంటే కొత్తది తప్ప వేరేది పోయకండి, 200 రూపాయలు తగ్గుతుందని డబ్బా మార్చకండి. రెండో మందు ట్యూనర్ చేతిలో ఉంది: 2500 లోపు టార్క్‌కి పగ్గం వేయడం.

అప్పుడు వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. వెనక నుంచి ఆ తమ్ముడు అడుగుతున్నాడు కూడా: "టార్క్ తగ్గిస్తే పవర్ తగ్గదా అన్నా?" మంచి ప్రశ్న. తగ్గనక్కర్లేదు. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 7022తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. ఇప్పుడు నిజమైన కారు ఒకటి తీసుకుందాం. స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ. మన దేశంలో ఏడు గేర్ల డీఎస్‌జీతో, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో వచ్చింది. 180 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు. యూరప్‌లో అదే ఇంజిన్ మాన్యువల్ గేర్‌బాక్స్‌తో అమ్మారు. అక్కడా 180 హార్స్‌పవరే, కానీ టార్క్ 320. ఇంజిన్ అదే, టర్బో అదే. 70 న్యూటన్ మీటర్లు ఎక్కడికి పోయాయి?

గేర్‌బాక్స్ దగ్గర ఆగాయి. ఆ ఏడు గేర్ల డీఎస్‌జీని డీక్యూ200 అంటారు. అందులో రెండు క్లచ్‌లూ పొడివి, ఆయిల్‌లో మునగవు. దాని హద్దు 250 న్యూటన్ మీటర్లు. అందుకని ఇంజినీర్లు టార్క్‌ని 250 దగ్గర సమంగా కోసేసి, ఆ గీతని పైదాకా సాగదీశారు. లెక్క వేయండి: 250తో 180 హార్స్‌పవర్ రావాలంటే 5050 చిల్లర ఆర్‌పీఎం కావాలి. 320తో అయితే 3950కే వస్తుంది. గమ్యం ఒకటే, దారులు రెండు. 2017లో మన దగ్గరికి వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్‌కి 350 న్యూటన్ మీటర్లు కావాల్సి వచ్చినప్పుడు వాళ్లు ఆరు గేర్ల, ఆయిల్‌లో మునిగే క్లచ్‌ల గేర్‌బాక్స్‌కి మారారు. ఈనాటి ఫోక్స్‌వాగన్ వర్టస్, స్కోడా స్లావియా 1.5 టీఎస్‌ఐ డీఎస్‌జీ చూడండి. టార్క్ సరిగ్గా 250. ఆ అంకె సరిగ్గా గేర్‌బాక్స్ ఓపిక దగ్గర ఆగింది. బ్రోషర్ చదివేటప్పుడు ఇది నాకు ఎంతో అందమైన విషయంగా అనిపిస్తుంది. బాగా ఆలోచించే ఇంజినీరు ఎక్కడ తగ్గాలో ఎలా తగ్గుతాడో అందులో కనిపిస్తుంది.

ఇప్పుడు బూస్ట్ దగ్గరికి వద్దాం. మన షెడ్లలో ఎవరిని అడిగినా "ఎంత బూస్ట్ పెట్టావు" అనే అంటారు. ఒకటి పెట్టాను, ఒకటిన్నర పెట్టాను అని చెప్పుకుంటారు. బూస్ట్ అంటే ఒత్తిడి. ఇంజిన్‌కి కావాల్సింది ఒత్తిడి కాదు, గాలి. పిండి కొద్దీ రొట్టె అంటాం కదా. ఇక్కడ పిండి అంటే సిలిండర్‌లోకి చేరిన గాలి బరువు. గేజ్ మీద ముల్లు ఆ బరువుని చూపించదు.

మే నెల విజయవాడ తీసుకోండి. బయట 42 డిగ్రీలు. టర్బో ఆ గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే, బాగా పనిచేసే కంప్రెసర్ నుంచి కూడా అది 140 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాన్ని 60కి దించితే ఒక లెక్క. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి ఇంటర్‌కూలర్ కాగిపోయి 90 దగ్గరే వదిలేస్తే ఇంకో లెక్క. రెండుసార్లూ గేజ్ ఒకే బూస్ట్ చూపిస్తుంది. కానీ రెండోసారి సిలిండర్‌లోకి వెళ్లిన గాలి 8 శాతం తక్కువ. టార్క్ కూడా అంతే పడుతుంది. పైగా ఆ వేడికి నాకింగ్ దగ్గరికి వస్తుంది. అందుకని బూస్ట్ పెంచి ఆ 8 శాతం తిరిగి తెద్దామనుకుంటే, గాలి ఇంకా కాగుతుంది. రెండున్నర రెట్లు నొక్కితే అదే గాలి 180 దగ్గరికి వెళ్తుంది. ఇంటర్‌కూలర్ మీద ఖర్చు పెట్టమని కస్టమర్‌కి చెప్పడానికి మొహమాటపడకండి.

ఇంకో చిన్న సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. అక్కడ బయటి గాలి ఒత్తిడి మన విజయవాడ కంటే దాదాపు 60 మిల్లీబార్లు తక్కువ. లోపల అంతే ఒత్తిడి కావాలంటే టర్బో ఇంకొంచెం వేగంగా తిరగాలి. ఇక్కడ సరిగ్గా కుదిరిన మ్యాప్ అక్కడ టర్బోని పరుగెత్తించొచ్చు. మ్యాప్ రాసేటప్పుడు రెండు ఊళ్లనీ మనసులో పెట్టుకోండి.

వేస్ట్‌గేట్ సంగతి మా ఊరి చెరువు చూపించి చెబుతాను. చెరువుకి తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. వరద వస్తే అలుగు పారి ఎక్కువ నీళ్లు పక్కకి వెళ్లిపోతాయి, కట్ట నిలుస్తుంది. టర్బైన్ మీదికి వచ్చే వేడి పొగలకి వేస్ట్‌గేట్ అలాంటి అలుగు. తెరిస్తే పొగ టర్బైన్‌ని తప్పించుకుని పక్కనుంచి పోతుంది, టర్బో నెమ్మదిస్తుంది. ఒక్క తేడా. చెరువు అలుగు దానంతట అదే పారుతుంది. ఈ అలుగుని ఎప్పుడు తెరవాలో, ఎంత తెరవాలో మనం చెప్పాలి. పాత కార్లలో గాలి గొట్టం మీద సోలినాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వు, ఉండేది, ఫోక్స్‌వాగన్ పని చేసేవాళ్లు ఎన్75 అంటారు. కొత్తవాటిలో చిన్న ఎలక్ట్రిక్ మోటారే నేరుగా తిప్పుతుంది.

తప్పు జరిగేది ఇక్కడే. చిన్న టర్బో నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరుగుతుంది. దానికి ఊపు వచ్చాక వెంటనే ఆగదు. బూస్ట్ త్వరగా రావాలని వేస్ట్‌గేట్‌ని చివరిదాకా మూసి ఉంచితే, అనుకున్న అంకె చేరేసరికి టర్బో అక్కడ ఆగకుండా దాటిపోతుంది. 200 మిల్లీబార్లు దాటింది అనుకోండి. అర సెకను తర్వాత సర్దుకుంటుంది. లాగ్‌లో, అంటే నడిపేటప్పుడు స్కానర్ రాసుకున్న రికార్డులో, అది చిన్న ముక్కులా కనిపిస్తుంది. చాలామంది "ఓవర్‌షూట్ కొంచెం ఉందిలే" అని వదిలేస్తారు. ఆ అర సెకనులో కొన్ని మంటలు మండుతాయి. రాడ్ వంగడానికి ఒక్క మంట చాలు. అందుకని అనుకున్న అంకెకి ఇంకా కొంత దూరం ఉండగానే అలుగు తెరవడం మొదలుపెట్టాలి. వరద వస్తోందని తెలిస్తే కట్ట మీదికి వచ్చేదాకా ఆగుతామా? సోలినాయిడ్‌కి ఇచ్చే శాతాన్ని ముందు పట్టికలోనే సరిగ్గా రాసుకోండి, సర్దుబాటు అంతా కంట్రోలర్ మీద వదలకండి. దీనికి ఓపిక కావాలి. ఒక్క వేస్ట్‌గేట్ పట్టికకే నాకు ఒక్కోసారి ఒక పూట పడుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1977లో స్వీడన్ కంపెనీ సాబ్ తన 99 టర్బోని చూపించింది. దాని వెనక ఉన్న ఇంజినీరు పేర్ గిల్‌బ్రాండ్. అప్పటికి టర్బో అంటే పెద్ద ఆర్‌పీఎంలో ఒక్కసారి వచ్చి గుద్దేది. ఆయన చిన్న టర్బో పెట్టి, వేస్ట్‌గేట్‌తో అదుపు చేసి, రోజూ నడిపే కారుకి పనికొచ్చేలా చేశారు. 1980ల మొదట్లో ఇంకో అడుగు వేశారు. ఇంజిన్ బ్లాక్‌కి నాక్ సెన్సర్ బిగించి, నాకింగ్ వినిపిస్తే బూస్ట్ తగ్గించే పద్ధతి తెచ్చారు. మంచి పెట్రోల్ పోస్తే కారు తనంతట తానే ఎక్కువ లాగేది, నాసి పెట్రోల్ అయితే తగ్గేది. నలభై ఏళ్ల కిందటే ఇంజిన్ మాట విని బూస్ట్ నిర్ణయించారు. ఈనాటికీ మనలో చాలామంది ముల్లు మాట వింటున్నారు.

1990ల చివరి నుంచి బాష్ ఈసీయూలు, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్లు, పూర్తిగా టార్క్ భాషలోకి మారాయి. దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలియకపోతే మిగతాదంతా గుడ్డిపనే. మీరు పెడల్ నొక్కితే తీగ లాగి గాలి దారిలోని బటర్‌ఫ్లై మూత తెరుచుకునే రోజులు పోయాయి. పెడల్ ఇప్పుడు ఈసీయూకి పంపే చీటీ: "నాకు 150 న్యూటన్ మీటర్లు కావాలి." ఏసీ కంప్రెసర్ ఇంకో చీటీ పంపుతుంది. గేరు మారేటప్పుడు గేర్‌బాక్స్ "ఒక్క క్షణం తగ్గించు" అని రాస్తుంది. తడి రోడ్డు మీద చక్రం జారితే, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ రాస్తుంది. ఈ చీటీలన్నీ చూసి ఈసీయూ ఒక అంకెకి వస్తుంది. ఆ అంకెకి ఎంత గాలి కావాలో లెక్క వేసి, ఆ గాలికి ఎంత బూస్ట్ కావాలో అప్పుడు అడుగుతుంది. గాలి రావడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి అది నిదానమైన దారి. వెంటనే తగ్గించాలంటే స్పార్క్ వెనక్కి జరుపుతుంది, అది వేగమైన దారి. బూస్ట్ ఈ వరుసలో చివర ఎక్కడో ఉంటుంది. మనం దాన్ని మొదట పట్టుకుని లాగుతున్నాం.

ఇందుకే ట్యూనింగ్ బాక్సులంటే నాకు భయం. సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్యలో తగిలించి, ఉన్న బూస్ట్ కంటే తక్కువ ఉందని అబద్ధం చెప్పే డబ్బా అది. ఈసీయూ నమ్మి ఇంకా పెంచుతుంది. లాగుడు వస్తుంది, నిజమే. కానీ ఈసీయూ గేర్‌బాక్స్‌తో ఏం చెబుతుంది? "నేను 170 ఇస్తున్నాను" అని. నిజంగా వస్తున్నది 215. డీఎస్‌జీ ఆ 170కి సరిపడా గట్టిగానే క్లచ్‌ని పట్టుకుంటుంది. పట్టు చాలక క్లచ్ కొద్దికొద్దిగా జారుతుంది, కాగుతుంది, అరుగుతుంది. కస్టమర్ ఏడాది తర్వాత వచ్చి "ఈ గేర్‌బాక్సులు ఇంతే అన్నా" అంటాడు. గేర్‌బాక్స్ తప్పు కాదు. దానికి అబద్ధం చెప్పాం. రీమ్యాప్ చేసేవాళ్లు కూడా ఇదే తప్పు చేయొచ్చు: హద్దుల పట్టికలన్నీ పైకి ఎత్తేసి, టార్క్ లెక్కని మాత్రం సరిదిద్దకుండా వదిలేయడం. ఈసీయూ చెప్పే టార్క్, చక్రాల దగ్గర టార్క్ కొలిచే యంత్రం డైనో చూపించేది ఒకదానికొకటి పొంతన కుదిరేదాకా పని అయినట్టు కాదు.

మాన్యువల్ కారుకి క్లచ్ పరీక్ష తేలికే. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 2000 దగ్గర నుంచి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు స్పీడ్ ముల్లుని వదిలేసి పైకి ఎగబాకితే క్లచ్ జారుతోంది. అక్కడ ట్యూనింగ్ ఆపి ముందు క్లచ్ చూడండి.

ఇప్పుడు ఈ సామాను చూపిస్తాను. ఇది రాగి గొట్టం ముక్క. ఒక చివర సుత్తితో చదును చేసి, 8 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను. ఇంజిన్ బ్లాక్ మీద ఏదో ఒక బోల్టు కింద బిగిస్తాను. రెండో చివరికి ఈ రబ్బరు పైపు. పైపు చివర చెవులకి పెట్టుకునే ఈ మఫ్‌లు, కంప్రెసర్ల దగ్గర పనిచేసేవాళ్లు వాడేవి. మొత్తం ఖర్చు వెయ్యి రూపాయల లోపే. డైనో మీద కారు లాగుతుంటే ఇవి పెట్టుకుని కూర్చుంటాను. మామూలు మంట దడదడమని, వాన రేకుల మీద కురిసినట్టు ఒకే తీరుగా వినిపిస్తుంది. నాకింగ్ మొదలైతే ఆ శబ్దంలోంచి ఇంకో శబ్దం పైకి లేస్తుంది. ఇత్తడి చెంబులో ఎండు బఠాణీలు వేసి ఆడించినట్టు, టిక్ టిక్ టిక్. ఒక్కసారి విన్నవాళ్లు మర్చిపోరు. స్కానర్‌లో నాక్ సెన్సర్ అంకెలు వస్తాయి, అవి కావాలి. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు చెవితో నేర్చుకోండి. సెన్సర్ ఒక్కోసారి వాల్వుల చప్పుడుని కూడా నాకింగ్ అనుకుంటుంది. ఏది ఏదో చెవికి తెలిసినప్పుడు అంకెల్ని సరిగ్గా చదవగలుగుతాం.

లాగ్ ఎలా తీయాలంటే, మూడో గేరులో 1500 నుంచి రెడ్‌లైన్ దాకా ఒక్క లాగుడు. నేను మొదట చూసేది ఒక్కో సిలిండర్‌కి స్పార్క్ ఎంత వెనక్కి జరిగిందో. అప్పుడప్పుడూ ఒకటి రెండు డిగ్రీలు జరిగితే ఫరవాలేదు. ఒకే సిలిండర్‌లో ప్రతిసారీ నాలుగు డిగ్రీలు దాటితే అక్కడ టార్క్ తగ్గిస్తాను, వాదన లేదు. తర్వాత అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ పక్కపక్కన. తర్వాత ఫ్యూయల్ రైల్ ఒత్తిడి. అది పై ఆర్‌పీఎంలో కిందికి జారుతుంటే పంపు ఇక ఇవ్వలేనంటోంది అని అర్థం. మన బంకుల్లో ఇప్పుడు ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, వచ్చింది కదా. ఇథనాల్‌కి నాకింగ్‌ని తట్టుకునే గుణం ఎక్కువ, అది మనకి మేలే. కానీ మామూలు పెట్రోల్ ఒక పాలు మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇ20కి దాదాపు 13.5 చాలు. అంటే అంతే గాలికి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. పంపు ఓపిక అక్కడ తేలిపోతుంది. ఎక్స్‌పీ95 లాంటి ప్రీమియం పెట్రోల్ పోసి రాసిన మ్యాప్‌కి ఊరి బంకులో మామూలుది పోయించుకునే రోజు వస్తుంది. ఆ రోజుకి కూడా చోటు వదిలి రాయండి.

అడిగిన బూస్ట్ రాకపోతే వెంటనే వేస్ట్‌గేట్ శాతం పెంచకండి. ముందు పైపులు చూడండి. ఒక కారుకి పీ0299, అంటే తక్కువ బూస్ట్ కోడు, పదే పదే వస్తోంది. మా కుర్రాడు శాతం పెంచాడు, కోడు పోయింది. నాకు అనుమానం వచ్చి పొగ పెట్టి చూశాం. ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే హోస్ పైపుకి క్లిప్ కింద, వేలి గోరంత చీలిక. అక్కడి నుంచి గాలి పోతుంటే, ఆ లోటు పూడ్చడానికి టర్బో హద్దు దాటి తిరుగుతోంది. ఇంకో నెల అలాగే నడిపి ఉంటే టర్బో షాఫ్ట్ పోయేది. క్లిప్ ఖరీదు 60 రూపాయలు.

కస్టమర్‌కి రెండు మాటలు తప్పకుండా చెప్పండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పుల గురించి చెబుతుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వారంటీ పోవచ్చు, ఇన్సూరెన్స్‌లో పేచీ రావచ్చు. ఇవన్నీ తెలిసి, ట్రాక్ మీద నడుపుకోవడానికి అడిగేవాళ్లు ఉన్నారు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కారీ ట్రాక్ ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్ కోసేసి తీసేయమంటే మాత్రం నేను చేయను. మీరూ చేయకండి.

రాడ్ తిరిగి వచ్చినట్టుంది. ఇలా ఇవ్వండి అమ్మా.

ఆ కుర్రాడి కారు సంగతి చెప్పి ముగిస్తాను. ఇంజిన్ పని ఖర్చు నేనే పెట్టుకున్నాను. కంపెనీ రాడ్లే వేశాం, పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టాం, మ్యాప్ మొదటి నుంచి రాశాను. 1750 దగ్గర 170, కంపెనీ ఇచ్చినదానికంటే కొంచెం తక్కువే. 2500 దగ్గర 205. 3000 నుంచి 4500 దాకా 215. అక్కడి నుంచి మెల్లగా దిగి 5500 దగ్గర 185. పాత మ్యాప్ కింద 240 ఇచ్చినా, గాలి కాగిపోయి 5500 దగ్గర 165కి పడిపోయేది. లెక్క మీరే కట్టండి: పాతది అక్కడ 129 హార్స్‌పవర్, కొత్తది 145. మొదటి రెండు గేర్లలో టార్క్ ఇంకా తగ్గించాను. మొదటిసారి నడిపి వచ్చి "పాత పికప్ లేదన్నా" అన్నాడు. మూడో గేరులో 3000 దాటనిచ్చి చూడమన్నాను. వెళ్లొచ్చి ఏమీ అనలేదు, నవ్వాడు. ఇప్పటికి ఆ ఇంజిన్ మళ్లీ విప్పలేదు. ఏటా చలికాలం వాళ్లమ్మానాన్నల్ని తీసుకుని అదే ఘాట్ ఎక్కుతాడు, మలుపులో గేరు తగ్గించి.

బయట రాంప్ మీద కారు వేడెక్కి ఉంది. లాగ్ తీద్దాం. మఫ్‌లు ఒక్క జతే ఉన్నాయి, వంతులవారీగా పెట్టుకోవాలి. ముందు ఎప్పుడూ నాకింగ్ విననివాళ్లు రండి.